నూర్జానక్క బొటనవేలు

చదువు రానివాళ్ళు మా ఆసుపత్రిలో చేరితే డాక్టరు కంటే ముందు వాళ్ళ చెయ్యి పట్టుకునేది నూర్జానక్క. ఆమె ఆయా. దుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, స్ట్రెచర్ తొయ్యడం ఆమె పని. వేలిముద్రలు వేయించే పని మాత్రం ఎవరూ అప్పజెప్పలేదు, తనే నెత్తికెత్తుకుంది. నర్సులం మేము ఇంకు ప్యాడ్ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్తే చాలు, ఉన్న రెండెకరాలూ రాయించుకోవడానికి వచ్చామని జనం చెయ్యి దుప్పట్లో దాచుకుంటారు. ఆమె వెళ్తే అలా కాదు. "ఏమప్పా, సంగటి తిన్యావా? ఏ ఊరు మీది?" అని మొదలుపెట్టి, ఆ ఊళ్ళో తనకు తెలిసిన మనిషి పేరొకటి ఎక్కడినుంచో పట్టుకొచ్చి, ఆ మాటల్లోనే వేలు ఇంకులో అద్ది కాగితం మీద ఒత్తేసేది. తర్వాత తన కొంగుతో ఆ వేలు తుడిచేది. పదహారేళ్ళుగా ఆమె ఏ చీర కట్టినా కొంగు చివర నల్లటి మరకలుండేవి.

పుట్టింది వజ్రకరూరు దగ్గర పల్లెలో. తొలకరి వానకి ఊరంతా చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతుంటే తనూ వెతికిందట. "వంగి నడిచేది ఆడనే నేర్చుకుంటి సిస్టరమ్మా, వజ్రం మాత్రం దొరకల్యా" అని నవ్వేది. పెళ్ళయి తాడిపత్రి వచ్చింది. భర్త రహంతుల్లా బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసి, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో నింపుకుని మా ఆసుపత్రిలోనే పోయాడు. అతని మంచం పక్కన ఉన్న పదకొండు రోజుల్లో ఆమె పక్క మంచాలవాళ్ళకు కూడా నీళ్ళు తాగించింది, దిండ్లు సర్దింది. అది చూసి అప్పటి పెద్ద డాక్టరుగారు పనిలో పెట్టుకున్నారు.

ఇక నా సంగతి. పేరు కృపాకుమారి, హెడ్ నర్సుని. నాకు నోరెక్కువ. వార్డులో నా గొంతు వినపడితే రోగుల బంధువులు మంచాల మీదినుంచి లేచి నిలబడతారు. అది గౌరవమని చాలా కాలం అనుకున్నాను.

ఈ ఏడాది మా ఆసుపత్రికి ఏదో నాణ్యత సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. తనిఖీకి వచ్చేవాళ్ళు ఆయాలను కూడా ప్రశ్నలు అడుగుతారట. అందుకని చట్టానికీ ధర్మానికీ సంబంధించిన మాటల జాబితా ఒకటి నా చేతిలో పెట్టి, అందరికీ నేర్పమన్నారు. సమ్మతి, గోప్యత, నిర్లక్ష్యం, సాక్షి, ఇలా రెండు పేజీలు. సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టోరు రూములో అందర్నీ కూర్చోబెట్టాను. సగంమంది ఆవలిస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"సమ్మతి అంటే ఏమిటో వినండి. శరీరం ఎవరిదో ఒప్పుకోవాల్సింది వాళ్ళే. తెలివిలో ఉన్న పెద్ద మనిషైతే మొగుడు ఒప్పుకున్నా చెల్లదు, అన్న ఒప్పుకున్నా చెల్లదు. ఏం చేయబోతున్నామో, చేయకపోతే ఏమవుతుందో, ఇంకో దారి ఉందో లేదో చెప్పాలి. వాళ్ళకు అర్థం కావాలి. అప్పుడు వేలిముద్ర. అర్థమైందా?"

వెనకనుంచి నూర్జానక్క అడిగింది. "ఏలిముద్ర పడకపోతే?"

"పడకపోవడమేంటి? గట్టిగా ఒత్తితే పడుతుంది."

"బండల పని చేసేటోళ్ళకు పడదు సిస్టరమ్మా. ఏళ్ళు నున్నగా అరిగిపోయింటాయి. గీతలుండవు, మచ్చ పడతాది అంతే."

"మచ్చే చాలు. అది ఆ మనిషి వేసిన మచ్చ అయితే, పక్కన చూసినవాళ్ళు సాక్షి సంతకం పెడితే చాలు."

"మచ్చ చాలునా?" అంది. నేను తలూపాను. "నిజంగా చాలునా?" అని మళ్ళీ అడిగింది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా" అని కసిరాను. ఆమె లేచి బయటికి వెళ్ళిపోయింది.

క్లాసు మధ్యలో లేచిపోయినందుకు నాలుగు తిట్టాలనే వెతుక్కుంటూ వెళ్ళాను. ఆసుపత్రి వెనక దుప్పట్లు ఆరేసే చోట బండ మీద కూర్చుని ఉంది. తన కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటోంది. నన్ను చూసి లేవలేదు. ఏడేళ్ళ కిందటి సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

అక్కమ్మ అని ఒకామె. పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఎత్తే పని. ఒకరోజు బండ జారి కుడిచెయ్యి మీద పడింది. మధ్య మూడు వేళ్ళు నలిగిపోయాయి. పెద్ద డాక్టరుగారు ఆమె భర్త కదిరప్పను వరండాలోకి పిలిచి రెండు దారులు చెప్పారు. ఇప్పుడే ఇక్కడ వేళ్ళు తీసెయ్యడం ఒకటి. కట్టుకట్టి అనంతపురం పెద్దాసుపత్రికి పంపడం రెండోది, అక్కడ నిలబెట్టే ప్రయత్నం చేయవచ్చు, దక్కుతాయన్న భరోసా లేదు. "ఈడనే తీసేయండి సార్" అన్నాడు కదిరప్ప. లోపల మంచం మీద తెలివిగానే ఉన్న అక్కమ్మకు ఈ రెండో దారి సంగతి ఎవరూ చెప్పలేదు.

"కాగితం నా చేతికిచ్చినారు. కుడిచెయ్యి నలిగిపోయింది కదా, ఎడమచేతి ఏలు ఏయించినా. నల్లగా మచ్చ పడింది. గీతలు లేకుంటే చెల్లదని ఆఫీసులో గుమాస్తా ఎనక్కి పంపినాడు. ఇంగో కాగితం మీద ఇంగో తూరి ఏయించినా. అదీ అంతే. మూడో తూరి పోతే, 'ఇదేం కాగితమక్కా ఇన్నితూర్లు' అని అడిగింది. ఏళ్ళు తీసేదానికి అని చెప్పినా. చెయ్యి గుంజుకునింది."

"నొప్పికా?"

"నొప్పికి కాదు సిస్టరమ్మా. నోరు తెరిచి చెప్పింది. 'ఉండక్కా, మా అంజలి బడి నుంచి వస్తాది. అది సదివి చెప్పినాంక ఏస్తా' అనింది. ఆపక్క డాక్టరు సారు అరుస్తాండాడు. ఆలస్యమైతే చెయ్యంతా పోతాదని కదిరప్ప ఏడుస్తాండాడు. ఆయమ్మకు మంచే చేస్తాండా అనుకుంటి. స్టోరు రూములోకి పోయి నా ఏలు ఏసినా."

తిట్టడానికి వెళ్ళినదాన్ని ఆమె పక్కనే ఆ బండ మీద కూర్చున్నాను.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. ఇంటికి వెళ్ళాక, నన్ను అడక్కుండా ఎందుకు తీయించినారని అక్కమ్మ అడిగితే, "నువ్వే కదా ఏలు ఏసింది, ఒగతూరి కాదు రెండు తూర్లు, నేను చూసినా" అన్నాడు కదిరప్ప. అతను అబద్ధమాడలేదు, చూసిందే చెప్పాడు. మందు మత్తులో, నొప్పిలో తనే ఒప్పుకుని మర్చిపోయానేమోనని అక్కమ్మ నమ్మింది. తల్లి పనికి వెళ్ళలేకపోవడంతో అంజలి పదో తరగతితో బడి మానేసి బట్టల అంగడిలో చేరింది. కోపం వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ఒకటే మాట అనేదట. "నేను వచ్చేదాకా ఒగ గంట ఆగల్యాకపోయినావా అమ్మా?" ఏడేళ్ళుగా అక్కమ్మ ఆ మాట పడుతోంది.

ఇదంతా నూర్జానక్కకు ఎలా తెలుసంటే, ఆమె ప్రతి శుక్రవారం అక్కడికి వెళ్తుంది. ఆ రోజు ఆమెకు మధ్యాహ్నం దాకే డ్యూటీ. బట్టలుతికి, నీళ్ళు పట్టి, అక్కమ్మ తట్టిన జొన్నరొట్టె ఒకటి తిని వస్తుంది.

"మూడు ఏళ్ళు లేకుండా తడతాది కదా, రొట్టె ఒగపక్క మందంగా, ఒగపక్క పల్చగా వస్తాది. నాకు పల్చటి పక్క తుంచి పెడతాది. 'తోడబుట్టింది కూడా ఇంత చేయదక్కా' అంటాది. ఆ మాట అన్నప్పుడంతా రొట్టె గొంతులో అడ్డం పడతాది సిస్టరమ్మా. చెప్పేద్దామనే పోతా. చెప్తే ఇంగ రానీయదు. చెప్పకుండా వచ్చేస్తా."

అప్పుడు లేచి నిలబడ్డాను. నీకు బుద్ధుందా, అది ఎంత పెద్ద తప్పో తెలుసా, జైల్లో పెడతారని నానా మాటలూ అన్నాను. ఆమె అన్నీ తలొంచుకుని విన్నది. నేను విసురుగా వెళ్ళి రికార్డు రూము తాళం తీశాను. ప్రమాదం కేసుల కాగితాలు మావాళ్ళు పారెయ్యరు. గంట సేపు దుమ్ములో వెతికితే అక్కమ్మ ఫైలు దొరికింది.

వేలిముద్ర అద్దంలా ఉంది. గీతలన్నీ లెక్కపెట్టవచ్చు. దాని కింద సాక్షి అని అచ్చువేసిన చోట, పచ్చ ఇంకుతో, చివర తోక తిప్పిన సంతకం ఒకటి ఉంది. కె. కృపాకుమారి, స్టాఫ్ నర్స్.

ఆ రోజు నాకేమీ గుర్తు రాలేదు. ఎంత తవ్వుకున్నా రాలేదు. గుర్తుండడానికి నేను చూస్తే కదా. ఆ రోజుల్లో డ్యూటీ దిగే ముందు కాగితాల కట్ట తెచ్చి టేబుల్ మీద పెడితే నిలబడే పది సంతకాలు గీకేసి బస్సుకు పరిగెత్తేదాన్ని. మధ్యాహ్నం క్లాసులో నిర్లక్ష్యం అనే మాటకు ఉదాహరణగా ఎవరో ఊరు తెలియని నర్సు కథ చెప్పాను. సొంత ఉదాహరణ ఇక్కడ ఫైల్లో ఏడేళ్ళుగా ఉంది.

తిరిగి వెళ్ళేసరికి నూర్జానక్క దుప్పట్లు మడత పెడుతోంది. నా మొహం చూసి, "చూసినావా" అంది.

"నా సంతకం ఉందని నీకు తెలుసా?"

"తెలుసు. ఆ కట్ట నీ టేబుల్ మీద పెట్టింది నేనే కదా. నాది చెప్తే నీది బయటపడతాది. అప్పుడు నీ పిల్లోళ్ళు చిన్నోళ్ళు. నువ్వు ఉద్యోగం లేకుండా ఏం చేస్తావని ఊరుకుంటి. తర్వాత ఊరుకునేది అలవాటైపాయ."

అంతసేపూ నా తిట్లు తింటూ కూడా ఆమె ఆ మాట అనలేదు. నేను ఆ తడి దుప్పటి చివర పట్టుకుని ఏడ్చాను. ఆమె రెండో చివర పట్టుకుని నిలబడింది.

మూడేళ్ళ కిందట ఆసుపత్రి డాక్టర్ రాజేంద్రగారి చేతికి వచ్చింది. ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పాం. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశారు. "ఏడేళ్ళ తర్వాత ఇది తవ్వితే ఎవరికి ఉపయోగం సిస్టర్? తనిఖీ నెత్తిమీద ఉంది" అన్నారు. "అక్కమ్మకు ఉపయోగం సార్. ఆమె కాగితం నకలు ఆమెకిస్తాను, అది ఆమె హక్కని మీరిచ్చిన జాబితాలోనే ఉంది" అన్నాను. ఆయన కాదనలేదు, సరే అని కూడా అనలేదు.

శుక్రవారం ఇద్దరం బయల్దేరాం. పాలిష్ ఫ్యాక్టరీల వెనక సందు. పాలిష్ పట్టినప్పుడు కారే రాతిపాలు ఎండి నేలంతా తెల్లగా పొరలు కట్టింది. అక్కమ్మ గుమ్మంలో పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతోంది. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు ఉన్నాయి. ఆ రెండిటితో పిండిని తిప్పుతూ, ఎడమ అరచేత్తో తడుతోంది. అంజలికి ఆ రోజు సెలవు, గడప మీద కూర్చుని జడ వేసుకుంటోంది. కదిరప్ప మంచం మీద ఉన్నాడు.

"రా అక్కా, కూచో. సిస్టరమ్మను కూడా పిల్చుకొచ్చినావే" అని మొహమంతా నవ్వింది అక్కమ్మ.

నూర్జానక్క కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఏ సాకూ కలపలేదు. డాక్టరు అరిచిన సంగతి గానీ, గుమాస్తా తిప్పి పంపిన సంగతి గానీ చెప్పలేదు. "ఆ కాగితం మీద ఉండేది నా ఏలు అక్కమ్మా, నీది కాదు" అంది.

అక్కమ్మ చేతిలో పిండి ఆగిపోయింది.

"అంటే నేను ఏయల్యా?"

"ఏయల్యా."

"మరి ఆ రెండు తూర్లు?"

"అవి దేనికో నీకు చెప్పకుండా ఏయించుకుంటి. చెప్పినాంక నువ్వు చెయ్యి ఎనక్కి తీసుకుంటివి."

"నేనేమన్నా అంటినా?"

"ఉండమంటివి. మా అంజలి వస్తాది, సదివినాంక ఏస్తా అంటివి."

అక్కమ్మ కూతురి వైపు తిరిగింది. "ఇన్యావా పాపా" అంది. "నేను ఆగమన్నా. నీకోసం ఆగమన్నా పాపా. ఇన్యావా?" అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. అంజలి సగం వేసిన జడతోనే వచ్చి తల్లి వెనక కూర్చుని ఆమె వీపు మీద నుదురు ఆనించింది. కదిరప్ప లేచి, ఎవరి మొహమూ చూడకుండా సందులోకి వెళ్ళిపోయాడు. పెనం మీద రొట్టె మాడి పొగ వస్తున్నా ఎవరూ తీయలేదు.

నా వంతు నేనూ చెప్పాను. చూడకుండా సాక్షి సంతకం పెట్టింది నేనేనని చెప్పి, నకలు ఆమె చేతికిచ్చాను. "దీనిమీద నువ్వు ఫిర్యాదు చేయొచ్చు. కేసు పెట్టొచ్చు. ఎక్కడికి పిలిచినా వచ్చి నిజమే చెప్తాను. పెట్టకపోయినా నీ ఇష్టమే."

"ఇది నా కాగితమేనా?"

"నీదే."

పిండి చేతులతోనే దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆ తర్వాత నూర్జానక్క వైపు చూసింది. ఏడేళ్ళు పల్చటి పక్క తుంచి పెట్టిన మనిషి వైపు చూసే చూపు కాదది.

"ఇన్ని శుక్రవారాలు నా పక్కన కూచోని తిన్యావు గదక్కా" అంది. "నా బిడ్డ నన్ను అడుగుతాంటే ఇన్యావు. పో. ఇంగ రావద్దు."

దారిలో నూర్జానక్క ఏడవలేదు. "సరిగ్గానే అనింది" అంది, అంతే.

ఆ రోజునుంచి ఆమె ఇంకు ప్యాడ్ ముట్టలేదు. నేనే కాగితం చదివి వినిపించడం మొదలుపెట్టాను. విన్నది వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పమంటాను. చెప్పలేకపోతే మళ్ళీ చదువుతాను. పని ఆలస్యమవుతోందని రాజేంద్రగారు విసుక్కుంటారు, నేనూ విసుక్కుంటాను, కానీ చదువుతాను. శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక నూర్జానక్క గేటు దాకా వెళ్ళి, కాసేపు రోడ్డు మీద లారీలు చూసి, తిరిగొచ్చి ఎవరూ చెప్పని పనేదో ఒకటి చేసేది. ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికేది. క్షమించమని అడగడానికి మాకు హక్కుంది, క్షమించి తీరమనే హక్కు లేదు. నా జాబితాలో ఆ మాట లేదు గానీ ఉండాల్సింది.

నాలుగు నెలల తర్వాత ఒక బుధవారం పొద్దున అక్కమ్మ, అంజలి ఆసుపత్రికి వచ్చారు. వేళ్ళు తీసిన చోట చిన్న గడ్డ కట్టింది. గుడ్డ తగిలినా ప్రాణం పోయేంత నొప్పి. చిన్న ఆపరేషన్‌తో తీసెయ్యాలన్నారు రాజేంద్రగారు.

నేను ఆగలేక అడిగాను. "ఊళ్ళో ఇన్ని ఆసుపత్రులుండగా ఇక్కడికే ఎందుకొచ్చావమ్మా?"

"ఈడైతే ఇంగ ఎవరూ సదవకుండా ఏలు ముట్టుకోరు కదా" అంది అక్కమ్మ. నవ్విందో లేదో తెలియలేదు.

కాగితం అంజలి చదివింది. మొదటిసారి గబగబా చదివితే, "మెల్లగా, ఇంగో తూరి" అంది తల్లి. రెండోసారి చదివాక కాసేపు ఆలోచించి నన్ను అడిగింది. "బొటనేలు జోలికి పోరు అని దాంట్లో రాసుండాదా?"

రాసి లేదు. నేను రాశాను. రాజేంద్రగారిని పిలిచి దాని పక్కన సంతకం పెట్టించాను.

అప్పుడు అక్కమ్మ తనంతట తాను ఎడమచేతి బొటనవేలు ఇంకులో అద్ది కాగితం మీద ఆనించింది. ఒక్క గీత కూడా లేని నున్నటి నల్లమచ్చ పడింది. దాన్ని ఎత్తి వెలుగులో పెట్టి చూసుకుంది. "ఇది నాది" అంది అంజలితో.

సాక్షి చోట సంతకానికి నేను పెన్ను తీశాను.

"నువ్వు కాదు సిస్టరమ్మా" అంది. తలుపు వైపు చూసింది. తెర కింద నుంచి రెండు పాదాలు, తుడుపుకర్ర కనపడుతున్నాయి. అంజలి చదవడం మొదలుపెట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి.

"లోపలికి రా అక్కా."

నూర్జానక్క తెర తీసుకుని వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"అంజలి సదివింది ఇన్యావా?"

"రెండు తూర్లూ ఇన్నా."

"నేను ఏసేది చూస్తివా?"

"తెర సందులోనుంచి చూస్తి."

"అయితే రా. సాక్షి కాడ ఏయి."

నూర్జానక్క చెయ్యి ముందుకు చాపింది గానీ, ప్యాడ్ దాకా వచ్చి వెనక్కి తీసుకుంది. ఎంతమంది వేళ్ళో పట్టి ఒత్తిన చెయ్యి అది. అక్కమ్మ తన కుడిచేతికి మిగిలిన ఆ రెండు వేళ్ళ మధ్య నూర్జానక్క బొటనవేలు పట్టుకుంది. నొప్పికి పళ్ళు బిగించి, మెల్లగా ఇంకులో అద్ది, కాగితం మీద సరైన చోట ఒత్తింది. తర్వాత తన కొంగుతో ఆ వేలు తుడిచింది. నూర్జానక్క అప్పుడు ఏడ్చింది. ఏడేళ్ళదీ ఒకేసారి ఏడ్చింది.

"ఊరుకో అక్కా" అంది అక్కమ్మ, ఇంకా ఆ వేలు వదలకుండా. "ఎల్లుండి శుక్రవారం. నా చేతికి కట్టుంటాది. రొట్టె నువ్వే తట్టాల."